కాశీకి పోయి క్షేమంగా తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు ఊరకే అనలేదు. ఈనాడు చెన్నపట్నంలో రైలెక్కినవారు మూడోనాటికి గంగలో మునిగి లేస్తున్నారు. రైలు లేని కాలంలో కాశీయాత్ర అంటే అప్పులు తీర్చి, ఆస్తి కొడుకుల కప్పగించి, బంధువులందరివద్దా సెలవు తీసుకుని బయలుదేరే వ్యవహారం. వెళ్ళినవారిలో తిరిగివచ్చేవారెందరో ఎవరూ చెప్పలేరు. దారిలో జ్వరాలు, వాంతిభేది, అడవులు, ఏళ్ళు. వీటన్నిటికి మించి మనుషుల భయం.

అటువంటి కాలంలో సుమారు నూరుమంది పరివారంతో చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూచి, పదిహేను నెలలు దాటిన తరువాత స్వగృహం చేరుకున్న తెలుగువారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రను మన భాషలోని తొలి యాత్రాగ్రంథాలలో ముఖ్యమైనదిగా ఎంచుతారు. ఆయన భాషను గూర్చి, భక్తిని గూర్చి, లోకజ్ఞానాన్ని గూర్చి పండితులు ఎంతో వ్రాశారు. ఉద్యోగాలకని, చదువులకని దేశదేశాలు తిరిగే మన ప్రవాసాంధ్రులకు పనికివచ్చే గుణం ఆయనలో మరొకటి ఉన్నది. అది జాగ్రత్త. ఈ ఉగాది సంచికలో ఆ గుణాన్ని ముందుంచుకుని ఆయన జీవితాన్ని చెప్పదలచుకున్నాము.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. ఆయనకు తొమ్మిదేళ్ళ వయస్సులోనే తండ్రిగారు కాలంచేశారు. ఆస్తిపాస్తులమీద ఆధారపడే అవకాశం లేదు గనుక విద్యమీద ఆధారపడ్డారు. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగే స్థితికి వచ్చి, కంపెనీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో పని నేర్చుకోవడానికి చేరారు. ఇంకా మీసాలు రాని వయస్సులోనే తిరునల్వేలి కలెక్టరు కచేరీలో దుబాసీ పని చేశారు. మళ్ళీ చెన్నపట్నం వచ్చి లెక్కల పనులలో ఆరితేరి, చివరకు అక్కడి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్ప్రిటరు పదవిని అందుకున్నారు. నాటి నగరంలో దేశీయుడికి లభించగల గౌరవమైన పదవులలో అది ఒకటి.

ఆ ఉద్యోగం ఎటువంటిదో కొంచెం ఆలోచించాలి. వాది తెలుగులో మొరపెట్టుకుంటాడు, సాక్షి అరవంలో చెబుతాడు, న్యాయాధిపతి ఇంగ్లీషులో వింటాడు. మధ్యనున్న దుబాసీ ఒక్క మాట జారవిడిస్తే ఒకరి కొంప మునుగుతుంది. ఎవరు కళ్ళారా చూచి చెబుతున్నారు, ఎవరు పరులనోట విని చెబుతున్నారు అన్న భేదం దినదినమూ చెవిని పడుతూ ఉంటుంది. ఆయన యాత్రాగ్రంథం చదివినప్పుడు ఆ కోర్టు అలవాటు మాకు పుటపుటనా కనబడుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కచేరీలో ఇంగ్లీషు. ఈ మూటిమధ్య బ్రతికిన ఆయన బ్రతుకు పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మనకు కొత్తది కాదు.

ఆయన బయలుదేరిన 1830 నాటికి దేశం ఎలా ఉన్నదో చూదాము. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయిలో నడిచింది. చెన్నపట్నం రాయపురంనుంచి రైలు కదలడానికి 1856 దాకా ఆగవలసివచ్చింది. 1816లో పిండారీలు గుంటూరు సీమమీద పడి ఊళ్ళు దోచి తగులబెట్టారు; ఆ ఏటి చివర గంజాం ప్రాంతంమీద కూడా పడ్డారు. 1817-18 యుద్ధంలో పిండారీల దండులు చెదిరిపోయిన మాట నిజమే. కాని దండు చెదిరినంతమాత్రాన కత్తి పట్టిన చేయి నాగలి పట్టదు గదా! పదమూడు పద్నాలుగేళ్ళ క్రిందటి ఆ భయం జనం మనస్సుల్లో పచ్చిగానే ఉండి ఉండాలి.

రాజ్యం కూడా ఒకరిది కాదు. కడప సీమ కంపెనీవారిది. అది దాటితే కర్నూలు నవాబు ఏలుబడి. కృష్ణ దాటితే నిజాం రాజ్యం, అందులో చిన్న పెద్ద సంస్థానాలు. ఆ పైన నాగపూరు భోంసలేలు. ఆ తరువాత మళ్ళీ కంపెనీ అధికారులు, మధ్యమధ్య దేశీయ రాజులు. ఒక్కొక్క ఎల్లవద్ద నాణెం మారుతుంది, సుంకం మారుతుంది, భాష మారుతుంది, అపాయంలో మొరపెట్టుకోవలసిన దొర మారుతాడు. కొన్నిచోట్ల మొరపెట్టుకోవడానికి ఎవరూ ఉండరు.

1830 మే 18వ తేదీ మంగళవారం రాత్రి తండయారుపేటలోని తన తోట విడిచి, దగ్గరనే ఉన్న మాధవరంలో తొలి మజిలీ చేశారు. మొదటి మజిలీ ఇంటికి దగ్గరగా పెట్టుకోవడం పాతకాలపు ప్రయాణికుల పద్ధతి. మరచినదేదైనా ఉంటే మనిషిని పంపి తెప్పించుకోవచ్చు. పరివారంలో ఎవరి ఓపిక ఎంతో, ఏ మూట బరువో మొదటి రాత్రే తేలిపోతుంది.

ఆయన జాగ్రత్తలో మొదటిది జనబలం. నూరుమంది కదలడమంటే ఒక చిన్న పల్లె కదలడమే. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటసామగ్రి, ఇంటిల్లిపాది. దీనివల్ల ఖర్చు పెరుగుతుంది, నడక మందగిస్తుంది. అయినా దారిదోపిడిగాండ్రు ఒంటరులను, ఇద్దరు ముగ్గురుగా పోయేవారినే ఎంచుకుంటారని ఎరిగినవారు ఈ ఖర్చుకు వెనుదీయరు.

రెండవది వాకబు. ఆయన గ్రంథం తెరిస్తే ప్రతి మజిలీకి ఒక చిన్న లెక్క కనబడుతుంది. ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నాయా లేవా, నీళ్ళ వసతి ఎటువంటిది, దిగడానికి చావడిగాని తోపుగాని ఉన్నదా, ముందున్న దారి రాతిగొట్టా, రేగడా, ఇసుకా, వాగులెన్ని, అడవి ఎంత దూరం. కథలకోసం చదివేవారికి ఇవి విసుగు పుట్టించవచ్చు. కాని ఇటువంటి సంగతులు ముందురోజే తెలిసినవాడు చీకటిపడ్డాక అడవిలో చిక్కడు, తెలియనివాడు చిక్కుతాడు. రక్షణ అనేది చాలావరకు ఈ చిన్న సంగతులలోనే ఉంటుంది.

మూడవది ఉత్తరాలు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు ఆయనకు ప్రాణస్నేహితులు. తరువాతి కాలంలో పచ్చయప్ప మొదలియారు ధర్మనిధి నిర్వాహకులలో ఒకరైన ప్రముఖులు. యాత్ర విశేషాలు వ్రాస్తూ ఉండుమని వారు కోరారు. వీరాస్వామయ్యగారు ఆ కోరిక తీర్చారు. అందువల్ల మనకొక గ్రంథం దక్కింది. దానితోబాటు ఆయన ఎక్కడున్నదీ, ఏ త్రోవన పోతున్నదీ ఊళ్ళో ఒక మిత్రునికి తెలుస్తూ ఉండేది. దూరదేశం పోయేవానికి ఇంతకన్న చవకైన రక్ష లేదు.

తిరుపతి, కడప, అహోబిలం మీదుగా శ్రీశైలం చేరే దారిలో ఆయనకు నల్లమల అడవి ఎదురయింది. అక్కడ కర్నూలు నవాబు యాత్రికులవద్ద సుంకం వసూలు చేసేవాడు. దేవుణ్ణి చూడబోయేవారి వద్ద పుచ్చుకునే ఆ సొమ్ము అధికమనీ, క్షేత్రానికి మాత్రం తగిన పోషణ లేదనీ వీరాస్వామయ్యగారు బాధపడ్డారు. ఆ అడవిలో దారి ఎరిగినవారు చెంచులు. అడవిలో క్షేమం అడవివారి చేతిలో ఉంటుంది. అక్కడ పట్నపు హోదా పనిచేయదు.

కృష్ణానది దాటిన తరువాత ఆయన వ్రాతలో ఒక మార్పు కనబడుతుంది. అంతవరకు కొండలు, తీర్థాలు, ఆలయాలు ఎక్కువ. ఇప్పుడు మనుషుల భయం ఎక్కువ. సంస్థానాధిపతులు ఒకరితో ఒకరు కలహించి, ఒకరి గ్రామాలు ఒకరు కొల్లగొట్టుకోవడాన్ని ఆయన గుర్తించారు. అధికారుల దృష్టి పైకం రాబట్టడం మీదనే గాని ప్రజల రక్షణమీద లేదని గ్రహించారు. హైదరాబాదు షహరు చేరాక, అక్కడివారు ఆయుధాలు ధరించి తిరగడం, బలవంతుడు బలహీనుణ్ణి కొట్టినా నరికినా అడిగే దిక్కు లేకపోవడం చూచి విస్తుపోయారు. హుస్సేనుసాగరు అవతల సికిందరాబాదు దండుపేట ఉన్నది. కట్టమీద నాలుగడుగులు వేస్తే రాజ్యపద్ధతి మారిపోతుంది.

ఆయన హైదరాబాదును చూడకుండా తప్పించుకోలేదు. వేడుకగా రాత్రివేళ వీధులు తిరగడానికీ పోలేదు. చూడవలసినవి చూచి, వ్రాయవలసినవి వ్రాసి, ముందుకు కదిలారు. భయపడి ఇంట కూర్చున్నవాడికీ, భయమేమిటని ఛాతీ విరుచుకున్నవాడికీ మధ్య ఒక త్రోవ ఉన్నది. ఆయన నడిచినది ఆ త్రోవ.

వానకాలంలో దక్కను నల్లరేగడి నేలలో నూరుమందితో నడక ఎటువంటిదో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కష్టాలు పడుతూనే నిర్మల, ఆదిలాబాదు దాటి నాగపూరు చేరారు. అక్కడినుంచి జబ్బలపూరు, మీర్జాపూరు మీదుగా ప్రయాగకు దారి.

జబ్బలపూరు పేరు చెప్పగానే ఠగ్గుల సంగతి జ్ఞాపకం వస్తుంది. సరిగా ఆ సంవత్సరాలలోనే స్లీమన్ అనే కంపెనీ అధికారి ఆ ప్రాంతంలో ఠగ్గులను పట్టే పని పూనుకున్నాడు. 1836లో ఠగ్గులను శిక్షించడానికి ప్రత్యేక శాసనం వచ్చింది. ఆనాటి విచారణ కాగితాల ప్రకారం వీరి పద్ధతి దారికాచి మీదపడడం కాదు. యాత్రికుల వేషంలోనో వర్తకుల వేషంలోనో వచ్చి, దారి మంచిది కాదు, అందరం కలిసి పోదామని తియ్యగా మాట్లాడి, రెండు మూడు మజిలీలు తోడు నడిచి, నమ్మకం కుదిరిన తరువాత ఏకాంతస్థలంలో రుమాలుతో గొంతు బిగించేవారు. అనగా బాటసారి జాగ్రత్తనే వారు వలగా చేసుకున్నారు. తోడు కావాలనుకున్నవాడికి తోడుగా వచ్చి చంపారు.

ఠగ్గుల సంఖ్యను, సంఘటనను కంపెనీవారు తమ ప్రతిష్ఠకోసం పెంచి చెప్పారని ఇప్పటి చరిత్రకారులలో పలువురు వాదిస్తున్నారు. ఆ వాదంలో బలమున్నది. లెక్క ఎంతైనా, దారిలో దొరికిన తోడును నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారన్నది మాత్రం కాదనరానిది. వీరాస్వామయ్యగారికి ఆ గతి పట్టకపోవడానికి ఒక కారణం స్పష్టం. ఆయనకు తోడు దారిలో వెతుక్కునే అవసరం లేదు. తన తోడును ఇంటివద్దనే కూర్చుకుని బయలుదేరారు.

ప్రయాగలో త్రివేణీస్నానం చేసి, గంగమీద పడవలో కాశీ చేరారు. కాశీలో నిలిచి పితృకార్యాలు తీర్చుకున్నారు. గయ, పాట్నా చూచి కలకత్తా వెళ్ళారు. అక్కడనుంచి వచ్చిన త్రోవన మరలక, జగన్నాథం దారి పట్టారు. పూరీలో స్వామిని సేవించి, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్నం చేరుకున్నారు. ఈ తీరపు దారి అప్పటికే కంపెనీ ఏలుబడిలోనిది. పోయేటప్పటి దారితో పోల్చితే నిమ్మళమైనది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక ఉన్నది. ఆయన నిమ్మళంగా దాటివచ్చిన గంజాం, విశాఖపట్నం సీమలలోనే ఏడాది తిరగకముందే పర్లాకిమిడి మొదలైన జమీందారీలలో తిరుగుబాట్లు లేచాయి. 1832లో వాటిని అణచడానికి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపవలసివచ్చింది. ఘుమ్సరులో 1835 మొదలు యుద్ధమే జరిగింది. 1831లో వ్రాసిన దారివివరం 1833లో పోయేవాడిని కాపాడదు. వీరాస్వామయ్యగారు తేదీలతో సహా వ్రాయడంలో ఉన్న విలువ ఇది. ఏ త్రోవ ఎప్పటి స్థితి ఏమిటో తెలిస్తేనే ఇప్పటి స్థితిని మళ్ళీ విచారించుకోవాలనే బుద్ధి పుడుతుంది.

ఆయనను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ న్యాయస్థానపు ఉద్యోగి. ఇంగ్లీషు దొరల పాలనను ఆయన చూచిన చూపులో మెప్పు పాలు ఎక్కువ. దేశీయ రాజ్యాలను చూచిన చూపులో కాఠిన్యం ఎక్కువ. పల్లకీలో పోయినవారికి కాలినడకన పోయిన బీదయాత్రికుని కష్టం పూర్తిగా తెలియదు. ఆయనను కాపాడిన నూరుమందిలో పల్లకీ మోసిన బోయీలు, వంటచేసినవారు, మూటలు మోసినవారు ఉన్నారు. గ్రంథం ఆయన పేర నిలిచింది. క్షేమంలో వాటా అందరిదీ. వారు పస్తులుండి జబ్బుపడితే అడవిలో నిలిచిపోయేది అయ్యగారి పల్లకీయే. కూడా వచ్చినవారి క్షేమమే తన క్షేమమని ఎరగనివాడు నూరుమందిని పదిహేను నెలలు నడిపించలేడు.

తిరిగివచ్చాక ఆయన ఎక్కువకాలం బ్రతకలేదు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను పీల్చి పిప్పిచేసినప్పుడు ఆకలితో చెన్నపట్నం చేరిన జనానికి అన్నం పెట్టించారు. ఆ జనం నడిచివచ్చిన ఊళ్ళు, దారులు ఆయన కళ్ళతో చూచినవే. 1836లో ఆయన స్వర్గస్థులయ్యారు. తన గ్రంథాన్ని అచ్చులో చూచుకునే భాగ్యం కలుగలేదు. శ్రీనివాసపిళ్ళెగారు స్నేహధర్మం మరువక 1838లో దాన్ని అచ్చువేయించారు. 1869లో రెండవ కూర్పు వచ్చింది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతో పరిశ్రమ చేసి, పీఠికతో, వివరాలతో మూడవ కూర్పు వెలువరించి, మరుగునపడిన పుస్తకాన్ని ఆంధ్రలోకానికి మళ్ళీ అందించారు.

ఇక మన సంగతి. ఈనాడు తెలుగువారు పోని దేశం లేదు. ఇప్పటి పిండారీలకు వేరే పేర్లున్నాయి, ఇప్పటి ఎల్లలకు వేరే కావలి ఉన్నది, భయం పాతదే. 2015లో లిబియాలో సిర్తే నగరం వద్ద పట్టుబడిన భారతీయ అధ్యాపకులలో ఇద్దరు మన తెలుగువారు. వారు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. ఆ పద్నాలుగు నెలలు వారి ఇళ్ళల్లో పండుగ లేదు. 2022లో ఉక్రెయినులో యుద్ధం పుట్టినప్పుడు అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు నేలమాళిగలలో తలదాచుకుని, మంచులో నడిచి సరిహద్దులు దాటారు. వారిని తీసుకువచ్చిన ప్రభుత్వకార్యానికి గంగ అని పేరు పెట్టారు. 2023లో సూడానులోనూ అటువంటి అవస్థే కలిగింది.

అటువంటి చోట్లకు పోవద్దని మేము చెప్పము. పోకపోతే గడవని ఇళ్ళున్నాయి. కాని పోయేముందు వీరాస్వామయ్యగారు చేసిన పనులు మనమూ చేయవచ్చు. అక్కడ ప్రస్తుతం ఉంటున్నవారిని అడగాలి. నిరుడు వచ్చినవారి మాట చాలదు. పిలిచిన ఏజెంటు తియ్యనిమాటను ఠగ్గుమాటగా అనుమానించి, కాగితాలు సర్కారువారివద్ద సరిచూపించుకోవాలి. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయంలో పేరు వ్రాయించుకోవాలి. ఏ ఊళ్ళో ఉన్నదీ, ఎప్పుడు కదిలేదీ ఇంటివద్ద ఒక్కరికైనా తెలియాలి. తోటివారితో కూడి ఉండాలి. వెనుదిరిగే త్రోవ ఏదో ముందే చూచుకోవాలి. ఇందులో డబ్బుతో కొనవలసినవి తక్కువే.

మరొక్క పని ఉన్నది. అది చేసేవారు అరుదు. క్షేమంగా తిరిగివచ్చినవారు తాము చూచినది తరువాతివారికి చెప్పాలి. గొప్పలు కాదు, ఉన్నదున్నట్టు. ఈ సంఘంలో దూరదేశాలు పోయివచ్చినవారు అనేకులున్నారు. వారు కూర్చుని నాలుగు పుటలు వ్రాసియిస్తే వచ్చే ఉగాది సంచికకు అంతకన్న అలంకారం ఉండదు. వీరాస్వామయ్యగారు కాశీవిశ్వేశ్వరుని గూర్చి వ్రాసిన చేతితోనే, ఏ ఊళ్ళో అంగడి ఉన్నదో, ఏ ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయో కూడా వ్రాశారు. ఆయన వెనుక బయలుదేరిన ఏ బాటసారి అయినా ఆ రెండవ వ్రాతకే మొదట చేతులెత్తి మ్రొక్కి ఉంటాడు.